వీరభద్రంగారు చనిపోలేదని ప్రకటన

రాజమహేంద్రవరం, ఇన్నీసుపేట
హేవిళంబి ఆషాఢ శుద్ధ దశమి

మహారాజశ్రీ బావగారి సముఖానికి మీ బావమరిది భాస్కరం నమస్కారాలు.

ఇక్కడ నేనూ నా కొత్త కంపెనీ క్షేమం. అక్కడ మీరూ మా అక్కయ్య హైమవతీ క్షేమమని తలుస్తాను. ఈ ఉత్తరం చదివేముందు కాస్త మజ్జిగ పుచ్చుకుని కూర్చోండి. కంగారు పడాల్సిందేమీ లేదు గాని, మీ కోపం సంగతి నాకు తెలుసు కదండీ.

గొడుగులు అద్దెకిచ్చే కంపెనీ ఎత్తేశాను. వానలో పట్టుకెళ్లిన గొడుగు వాన వెలిశాక తిరిగి ఇవ్వాలన్న ముక్క ప్రకటనలో వెయ్యడం మరిచిపోయాను. పళ్లపొడి కంపెనీ కూడా లేదు. పొడి మంచిదే. వాడినవాళ్ల పళ్లు నీలంగా తిరగడం దాని తప్పు కాదు, నీలిమందు మూటల పక్కన దాన్ని నిలవచేసినవాడి తప్పు. ఇప్పుడు పెట్టింది మాత్రం రాయిలాంటి కంపెనీ. మందు పేరు అమృతజీవన ద్రావకం. శొంఠి, పిప్పళ్లు, బెల్లం, ఇంకో రెండు దినుసులు. ఆ రెండూ రహస్యం. నా ఆస్తీ, మా ఆవిడ ఓర్పూ మొత్తం ఈ సీసాల్లోనే ఉన్నాయి.

గౌతమీ సమాచారి పత్రికలో ప్రకటన వేయించడానికి వెళ్తే, అచ్చుకూటంలో అక్షరాలు కూర్చే యెహెజ్కేలు ఒక మాట చెప్పాడు. "మద్రాసు మందులన్నిటికీ కింద యోగ్యతాపత్రం ఉంటుందండి. వాడి బాగుపడ్డ పెద్దమనిషి సంతకంతో. అది లేని మందు జనం ముట్టుకోరండి." మా మందు ఇంకా ఎవరూ వాడలేదు. వాడానని చెప్పే మనిషి పేరున్నవాడై ఉండాలి, వెళ్లి అడిగి రావడానికి బద్ధకించేంత దూరంలో ఉండాలి. పడవలు మారి మారి గాని మీ లంకకి చేరుకోలేం. మీకంటే తగినవారు నాకు తోచలేదు. అచ్చయినది ఇది:

"అయ్యా, నేను గత వైశాఖమాసమందు మృతినొందితిని. బంధుమిత్రులు యథావిధిగ నన్ను పాడెపై పరుండబెట్టి గోదావరి యొడ్డునకు గొనిపోయిరి. అంతట దైవికముగ నచ్చటికి వచ్చిన యొక సజ్జనుడు తమ అమృతజీవన ద్రావకమును రెండు చుక్కలు నా నోట విడువగా, నేను లేచి కూర్చుండి గారెలు కావలెనని యడిగితిని. నాటినుండి నాకు మలబద్ధకము కూడ లేదు. ఇట్లు, వేదుల వీరభద్రావధానులు, శుభకార్య పురోహితుడు, పేరమ్మలంక అగ్రహారము."

వైశాఖంలో నేను మీ ఇంటికొచ్చినప్పుడు మీరు పనసతొనలు మితిమీరి తిని అరుగుమీద సొమ్మసిల్లడం నిజం. నేను మొహాన నీళ్లు కొట్టడం నిజం. తక్కినది కాస్త నగిషీ. మీకో రెండు సీసాలు పడవలో పంపిస్తున్నాను, పుచ్చుకోండి.

చిత్తగించవలెను,
భాస్కరం


పేరమ్మలంక అగ్రహారం
ఆషాఢ బహుళ ద్వాదశి

చిరంజీవి భాస్కరానికి,

ఆశీర్వచనాలు రాద్దామనే కలం పట్టాను. చెయ్యి రాలేదు.

ఒరే, నువ్వు నా కొంప ముంచావు. మీ పత్రిక ఈ ఊరికి రాదనుకున్నావు కాబోలు. కరణంగారు తెప్పిస్తారు. తెప్పించి చదవరు, మామిడికాయల కింద పరుస్తారు. ఈసారి ఎందుకో చదివారు. అరుగుమీద పదిమందినీ కూర్చోబెట్టి గట్టిగా చదివారు.

మొదట అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఒక్క సోమయాజులుగారు నవ్వలేదు. ఊళ్లో ఆయన మాటకి తిరుగు లేదని నీకు తెలుసు. కాయితం చేత్తో తడిమి చూసి, "అబద్ధమైతే అచ్చెందుకు వేస్తారు? అక్షరాల సీసం ఖర్చు కాదూ" అన్నారు. వైశాఖమంతా మీ ఎదురుగానే తిరిగాను కదండీ అన్నాను. "చచ్చినవాడికి తాను చచ్చిన సంగతి ఎలా గుర్తుంటుంది" అన్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. తెల్లవారేసరికి ఊరికి జ్ఞాపకాలు రావడం మొదలుపెట్టాయి. పక్కింటి కామావధాని నా పాడెకి ముందువైపు ఎడమకొమ్ము తానే మోశానని, అప్పటినుంచీ భుజం పట్టేసిందనీ చెప్తున్నాడు. ఎదురింటి అమ్మాజీ ఆ రోజు వీధిలోంచి నన్ను దాటించేదాకా పొయ్యి ముట్టించలేదట. పిల్లలు ఆకలికి ఏడ్చారట. నేను లేచి కూర్చుంటే జడుసుకుని కాలవలో దూకినవాళ్లే ఇప్పటికి అరడజను మంది తేలారు. వాళ్లలో ఇద్దరికి ఈత రాదు.

ఇది నవ్వులాట కాదురా. శ్మశానం దాకా వెళ్లి తిరిగొచ్చినవాడు పాత మనిషి కింద లెక్కకి రాడు. మళ్లీ పుట్టినట్టు జాతకర్మ మొదలుకొని అన్నీ చేయించుకోవాలి. చేయించుకోకపోతే వాడి చేయి అశుభం. నేను బతికేదే శుభకార్యాల మీద. శ్రావణమాసం నెత్తిమీదికొచ్చింది, ఒక్క ఇంటివాళ్లూ వ్రతానికి పిలవలేదు. నా చేతి అక్షింతలంటే జనం తల పక్కకి తిప్పుకుంటున్నారు.

మీ అక్కయ్య ఆ ప్రకటన రెండుసార్లు చదివింది. చదివి, "గారెలు ఎవరు వండారట?" అని అడిగింది. మీ కుటుంబమంతా ఇంతే.

వెంటనే అది అబద్ధమని మళ్లీ అచ్చు వేయించు. అదే పత్రికలో, అంతే పెద్ద అక్షరాల్లో. అప్పుడు రాస్తాను ఆశీర్వచనాలు.

వీరభద్రం


రాజమహేంద్రవరం
శ్రావణ శుద్ధ పంచమి

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నిజంగా బాధపడ్డాను. కాని వ్యాపారం ఎలా ఉందో చెప్తే మీరూ సంతోషిస్తారు. మండపేట, పెద్దాపురం నుంచి రోజూ టపాలో ఆర్డర్లు వస్తున్నాయి. ఉప్పాడవాళ్లయితే పెట్టెలకి పెట్టెలే తెప్పించుకుంటున్నారు. విచిత్రమేమిటంటే ఏ జబ్బూ లేనివాళ్లే ఎక్కువ తాగుతున్నారు. తాగినవాళ్లు మళ్లీ రాస్తున్నారు. అక్షరాలు కాస్త వంకరగా ఉంటున్నాయి గాని సంతోషం కనిపిస్తోంది.

మీ బొమ్మ వేస్తే ఇంకా నమ్మకంగా ఉంటుందన్నారు. అచ్చుకూటంలో ఉన్న మనిషి బొమ్మ ఒక్కటే, విత్తనాల కంపెనీ దొరది, గుబురుగడ్డంతో. అదే వేశాం. ఎవరైనా లంకకొచ్చి ఆ గడ్డం ఏదని అడిగితే, లేచాక గీయించుకున్నానని చెప్పేయండి.

మీరు కోరినట్టే సవరణ వేయించాను. మాటకి నిలబడే మనిషినండీ నేను. మొన్నటి సంచికలో మొదటి పేజీలోనే:

"ప్రకటన. పేరమ్మలంక అగ్రహార వాస్తవ్యులగు వేదుల వీరభద్రావధానులుగారు చనిపోలేదనియు, గతమున నెన్నడును చనిపోయి యుండలేదనియు, ఇకముందు కూడ చనిపోవు నుద్దేశము వారికి లేదనియు ఎల్లవారికి ఇందుమూలముగ తెలియజేయడమైనది."

దాని కింద కొంచెం జాగా మిగిలిందని యెహెజ్కేలు మన మందు ప్రకటన కూర్చేశాడు. ఖాళీగా వదిలితే పేజీ అసహ్యంగా ఉంటుందట. దీనితో మీ ఇబ్బంది తీరినట్టే అనుకుంటాను.

విధేయుడు,
భాస్కరం


పేరమ్మలంక
భాద్రపద శుద్ధ అష్టమి

భాస్కరానికి,

తీరలేదు.

నీ సవరణ పట్టుకుని నేనే సోమయాజులుగారి దగ్గరికి వెళ్లాను. నా చేతుల్తో నేనే ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివించుకుని, "నాయనా, చనిపోనివాడి గురించి చనిపోలేదని ఎవరైనా ప్రకటన వేస్తారా? నా గురించి వేశారా? ఈ కరణంగారి గురించి వేశారా?" అన్నారు. అరుగుమీదున్నవాళ్లంతా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నిజమే, ఎవరి గురించీ వెయ్యలేదు. అంతదాకా సందేహంలో ఉన్న నలుగురు కూడా అటే జరిగారు. ఇకముందు చనిపోయే ఉద్దేశం లేదని రాశావు చూశావా, అది చదివిన దగ్గర్నుంచీ పిల్లలు నన్ను చూసి పరిగెత్తుతున్నారు.

పైగా జనం పడవల మీద వస్తున్నారు. చూసి, గడ్డం లేదని అసంతృప్తిగా పోతున్నారు. ఒకాయన పరలోకంలో వాళ్ల నాన్నగారు కనిపించారా అని అడిగాడు. కనిపించలేదంటే నొచ్చుకున్నాడు. మరునాడు ఇంకొకాయన అడిగితే, కనిపించారండి, కులాసాగా ఉన్నారన్నాను. ఏడ్చి, అరటిగెల ఇచ్చి వెళ్లాడు. నా బతుకు ఇలా అయింది.

విసిగిపోయాను. సరే, పుడతానన్నాను. ఆశ్వయుజంలో ముహూర్తం పెట్టారు. మళ్లీ పుట్టి, పేరు పెట్టించుకుని, ఒడుగు చేయించుకుని, మీ అక్కయ్యనే మళ్లీ పెళ్లాడితే అంతా పూర్వంలాగే ఉంటుందట. ఒక్క వారంలో తేలిపోయే పని. కన్యాదానానికి నువ్వు రావాలి. మీ నాన్నగారు లేరు గనక ఆ పీట నీదే.

వీరభద్రం


రాజమహేంద్రవరం
భాద్రపద బహుళ విదియ

బావగారికి నమస్కారాలు.

కన్యాదానానికి తప్పకుండా వస్తాను. పీటలమీదికి పట్టుబట్టలు నావే. నేతి డబ్బా పడవలో వేయించాను, స్వచ్ఛమైన ఆవునెయ్యి.

ఒక చిన్న మనవి. మీ పుట్టుక సంగతి పత్రికలో వెయ్యొచ్చా? వద్దంటే వద్దు. ఊరికే అడిగాను.

భాస్కరం


పేరమ్మలంక, సోమయాజులుగారి ఇల్లు
ఆశ్వయుజ బహుళ పాడ్యమి

చిరంజీవి భాస్కరానికి,

పుట్టాను.

పెద్ద గంగాళంలో నెయ్యీ నీళ్లూ పోసి అందులో కూర్చోబెట్టారు. గర్భంలో శిశువు మాదిరిగా పిడికిళ్లు బిగించి, మాట్లాడకుండా ఉండాలి. నా ఒళ్లు నీకు తెలుసు కదా, గంగాళంలో పట్టడమే కష్టమైంది, బయటికి రావడం ఇంకా కష్టమైంది. జారిపోతున్నానని నలుగురు పట్టుకు లాగారు. కామావధాని తన భుజం నొప్పి సంగతి మళ్లీ అందరికీ చెప్పాడు. పైకి రాగానే ఏడవాలన్నారు. దానికి మాత్రం కష్టపడనక్కర్లేకపోయింది.

తండ్రి స్థానంలో సోమయాజులుగారు కూర్చుని, ఏం పేరు పెడదామని ఆలోచించారు. వీరభద్రమనే పెట్టండి, అలవాటైపోయిందన్నాను. శిశువు మాట్లాడకూడదన్నారు. మొత్తానికి అదే పెట్టారు. అన్నప్రాసన అయింది, పుట్టువెంట్రుకలు తీశారు. ఒడుగు చేశారు. బ్రహ్మచారి మొదటి భిక్ష అడగాలి గదా, జోలె పట్టుకుని మా ఇంటికే పంపారు. ఇన్నేళ్లు పీటమీద కూర్చుని "వడ్డించు" అన్నవాణ్ణి, గుమ్మం బయట నిలబడి "భవతి భిక్షాం దేహి" అన్నాను. మీ అక్కయ్య బియ్యం పట్టుకొచ్చి, వెయ్యకుండా నన్ను చూస్తూ నుంచుంది. నెత్తిన వెంట్రుకల్లేవు, ఒళ్లంతా నెయ్యి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బియ్యం వేసి లోపలికెళ్లిపోయింది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పెళ్లికి ముహూర్తం చూస్తూ సోమయాజులుగారు, మాటవరసకి, "ఏమ్మా, నీకు సమ్మతమేనా" అని అడిగారు. మంత్రం ముందు ఏదో ఒకటి అడగాలి గనక అడిగారు. అప్పుడు మీ అక్కయ్య, "ఆలోచించి చెప్తానండి" అంది.

సోమయాజులుగారు పంచాంగం మూసేశారు. బ్రహ్మచారి ఉండగా పరాయి ఆడది ఒంటరిగా ఆ ఇంట్లో ఎలా ఉంటుందని నన్ను ఇక్కడికి మార్చారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ పెట్టె సర్దుకుని పడవెక్కింది. పెళ్లికాని పిల్ల పుట్టింటివారి దగ్గరుండాలి గదండీ, అని సోమయాజులుగారికే చెప్పి వెళ్లింది. ఈపాటికి మీ ఇంటికి చేరి ఉంటుంది. మా ఇద్దరు కూతుళ్లూ అత్తవారిళ్ల నుంచి ఉత్తరాలు రాశారు. నేను జవాబివ్వబోతే, పెళ్లికాని బ్రహ్మచారికి కూతుళ్లేమిటని సోమయాజులుగారు కలం లాక్కున్నారు. ఇది దొంగచాటుగా రాస్తున్నాను.

ఆలోచించడానికి ఏముందిరా? కాస్త కనుక్కో.

వీరభద్రం


రాజమహేంద్రవరం
కార్తీక శుద్ధ ద్వాదశి

బావగారికి నమస్కారాలు.

అక్కయ్య క్షేమంగా ఉంది. మీరడిగిన సంగతి అడిగాను. "నన్ను ఇంతకుముందు ఏదీ ఎవరూ అడగలేదురా. ఇప్పుడు అడిగారు. వెంటనే చెప్పేస్తే అడిగించుకున్న సరదా తీరదు" అంది. వేళాకోళం అనుకున్నాను. తరవాత ఇంకో మాట కూడా చెప్పింది. మీ పెళ్లివేళకి ఆవిడ పసిపిల్ల, నిద్రపోతోందట. మేనమామ భుజాన వేసుకొచ్చి పీటలమీద కూర్చోబెట్టాడట. కళ్లు తెరిచేసరికి మెడలో తాళి ఉంది, ఎదురుగా ఎవరో అబ్బాయి లడ్డు తింటున్నాడు. ఆ అబ్బాయి తనకి పెట్టలేదని చెప్పింది. మీరేనండీ ఆ అబ్బాయి.

ఇప్పుడు మా కొట్లో కూర్చుంటోంది. మొగుణ్ణి యముడి దగ్గర్నుంచి తెచ్చుకున్న ఇల్లాలు అని జనం తిరణాలకొచ్చినట్టు వస్తున్నారు. "ఆయన చావలేదమ్మా, పనసతొనలు తిన్నారు. ఈ సీసాలో ఉన్నది శొంఠీ బెల్లమూ" అని ఉన్నది ఉన్నట్టు చెప్తోంది. ఆ రెండు రహస్య దినుసులు మిరియాలూ నీళ్లూ అని కూడా చెప్పేసింది. ఎంత అణకువో చూడండని వాళ్లు ఇంకో సీసా అదనంగా కొనుక్కుని వెళ్తున్నారు.

వెళ్లేవారు అనాలి. కంపెనీ మూతపడింది బావగారూ. బెల్లం కదా, సీసాల్లో పులిసింది. పులిసి పులిసి సారాకంటే ఘాటయింది. ఉప్పాడవాళ్ల సంతోషం అదేనట. అబ్కారీ ఇనస్పెక్టరుగారొచ్చి ఒక చుక్క నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నుంచుని, మొత్తం సరుకు జప్తు చేశారు. నా సంగతి వదిలేయండి. నేను మళ్లీ ఏదో ఒకటి పెట్టుకుంటాను. మీ సంగతే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నగిషీ అని తేలిగ్గా రాశాను, మీ ఇల్లు రెండుగా చీలింది. ఆ పాపం నాదే, క్షమించమని అడగడానికి మొహం లేదు.

ఉన్న మాట చెప్పేస్తాను. ఆవిడ రాకపోయినా రాకపోవచ్చు. ఇక్కడ పొద్దున్నే గోదావరికి వెళ్లొస్తోంది, పుస్తకాలు చదువుకుంటోంది, తనకి కావలసింది వండుకుంటోంది. వెళ్లమని నేను అనలేను. ఒక్కటే అడిగింది. పెళ్లిచూపులు కావాలట. మీరు ఆవిణ్ణి చూడ్డం కాదు, ఆవిడ మిమ్మల్ని చూస్తుందట. అదయ్యాక నిర్ణయం చెప్తానంది.

భాస్కరం


పేరమ్మలంక
కార్తీక బహుళ చవితి

భాస్కరం,

రండి. ఏ రోజైనా ఫరవాలేదు. నాకు వేరే పనేం లేదు.

పెళ్లిలేని పురోహితుడిచేత ఎవరూ పెళ్లి చేయించరు, ఆవిడ కాదంటే నా వృత్తి పోయినట్టే. ఆ మాటే రాద్దామని మొదలుపెట్టాను. కాని అది కాదురా నా బాధ. నిన్న ఏదో తెచ్చుకుందామని మా ఇంటికి వెళ్లాను. తాళం తీసి లోపలికెళ్తే మడతమంచం మీద ఆవిడ విసనకర్ర ఉంది. దాన్ని పట్టుకుని కూర్చుండిపోయాను. ఎందుకొచ్చానో మరిచిపోయాను.

నీ పాపం సంగతి తరవాత చూద్దాం. ముందు ఆవిణ్ణి తీసుకురా.

వీరభద్రం


పేరమ్మలంక
మార్గశిర శుద్ధ షష్ఠి

చిరంజీవి భాస్కరానికి ఆశీర్వచనాలు.

నువ్వు పక్కనే కూర్చున్నావు గనక జరిగిందంతా నీకు తెలుసు. అయినా రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

వరుణ్ణి చూడ్డానికి కన్య రావడం ఏ శాస్త్రంలో ఉందని సోమయాజులుగారు అడిగితే, మీ అక్కయ్య ఏమందో విన్నావుగా. "మనిషిని నేతిలో ముంచిన శాస్త్రంలోనే వెతకండి, పక్క పేజీలో దొరుకుతుంది" అంది. నన్ను గోడవార పీటమీద కూర్చోబెట్టారు. తల దించుకున్నాను. దించుకోమని ఎవరూ చెప్పలేదు, దానంతటదే వంగింది. ఒకసారి అటునుంచి ఇటు నడవండి అంది. నడిచాను. పంచె కాళ్లకి చుట్టుకుని తూలాను. అరుగుమీద జనం, కిటికీలో జనం. అమ్మాజీ అయితే పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపించింది.

వంట వచ్చా అంది. రాదన్నాను. నాకు జ్వరమొస్తే ఏం చేస్తారు అంది. ఇన్నాళ్లలో నీకెప్పుడు వచ్చిందో గుర్తులేదన్నాను. మూడుసార్లు వచ్చింది, మంచం ఎక్కలేదంతే, అంది. నాకిష్టమైన కూర ఏదో చెప్పండి అంది. ఆలోచించాను రా. ఆవిడ ఎప్పుడూ నా తరవాతే తింటుంది. ఏం తింటుందో నేను చూసింది లేదు. ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను, పురోహితుణ్ణి, ఏ ప్రశ్నకైనా ఏదో ఒక జవాబు చెప్పడం అలవాటు. నోరు తెరిచి, తెలియదన్నాను.

ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "ఏ సంగతీ ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అంది.

ఆ మాట వరుడివైపు కూర్చుని ఎన్ని ఇళ్లలో నేనే అన్నానో. అనేసి, పెట్టిన పులిహోర తిని, వీధిలోకొచ్చి పిల్ల ముక్కు గురించి నవ్వుకుంటూ నడిచేవాళ్లం. లోపల ఆ పిల్ల ఆ పూట ఎలా గడుపుతుందో నాకు ఏనాడూ తోచలేదు. ఇప్పుడు టపా బంట్రోతు కనబడితే అరుగు దిగి నుంచుంటున్నాను. నిన్న అతను మా వీధిలోకి రాకుండానే పోయాడు. సోమయాజులుగారు నా మొహం చూసి, అన్నం తినరా అబ్బాయి అన్నారు. తినలేకపోయాను.

నాకు ఆవిడంటే ఇష్టం రా భాస్కరం. ఈ మాట ఆవిడకి చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదు. లేదు, చెప్పు.

వీరభద్రం


రాజమహేంద్రవరం
మార్గశిర బహుళ తదియ

వీరభద్రంగారికి,

హైమవతి నమస్కారాలు.

భాస్కరం రాస్తానన్నాడు. వాడు రాస్తే నగిషీలు చెక్కుతాడని నేనే కలం తీసుకున్నాను.

మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం మంచిది. లంకనుంచి పడవెక్కినప్పుడు మళ్లీ రాకూడదనే అనుకున్నాను. కోపంతో కాదు. మీరు చెడ్డవారు కారు. నన్ను ఏనాడూ ఒక మాట అనలేదు. కాని ఏనాడూ ఒక మాట అడగలేదు కూడా. ఇక్కడ కొట్లో కూర్చుంటే, ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, అమ్మా మీరేమంటారు అని అడిగేవారు. నేను చెప్పింది నమ్మకుండా పోయేవారనుకోండి, అయినా అడిగేవారు. అది నాకు బాగుంది.

పెళ్లిచూపుల్లో మీరు కందాబచ్చలి అని ఉంటే సంతోషించేదాన్ని. నాకిష్టమైనది అదే. వంకాయ అనో, పెరుగన్నం అనో తోచింది చెప్పేసి ఉంటే ఆ పూటే వద్దని కబురు పెట్టేదాన్ని. మీరు తెలియదన్నారు. మీతో కాపరం చేసిన ఇన్నేళ్లలో ఆ మాట మీ నోట వినలేదు. వానెప్పుడొస్తుందో, ఎవరి జాతకంలో ఏముందో, అవతలి లోకంలో ఎవరు కులాసాగా ఉన్నారో అన్నీ మీకు తెలుసు. ఇది తెలియదన్నారు, అదీ ఊరందరి ముందు. పడవలో రాజమహేంద్రవరం దాకా ఆ మాటే తలుచుకుంటూ వచ్చాను. ఇష్టమని మీరు భాస్కరానికి రాసింది వాడు చెప్పలేదు, ఉత్తరమే నా చేతికిచ్చాడు. ఆ ఉత్తరం మీకు తిరిగి ఇవ్వను.

వరుడు మాకు నచ్చాడు. నడక బాగాలేదు, దానికేం చేస్తాం.

ముహూర్తం సంగతి. పంచాంగం మీ చేతిలోనే ఉంది. మాఘమాసంలో బోలెడు ముహూర్తాలుంటాయని నాకు తెలుసు, అవేవీ వద్దు. ఫాల్గుణం ఆఖర్న ఒక్కటి మిగిలుంటే అది పెట్టించండి. సోమయాజులుగారు ఆలస్యమెందుకని అడిగితే, పిల్లవైపువారు అలా కోరారని చెప్పండి. మీకు మాత్రం కారణం చెప్తాను. ఇన్నేళ్లూ మీ పేరు నా నోట రాలేదు. ఎవరైనా అడిగితే పక్కింటివాళ్లచేత చెప్పించాను. గుళ్లో పూజారి గోత్రనామాలు అడిగినా అంతే. మంచి పేరు, పలకడానికి ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. తాళి పడ్డాక మళ్లీ పలకకూడదు. ఇప్పుడు పలకొచ్చు, మీరు నాకు ఏమీ కారు. పొద్దున్న గోదావరి ఒడ్డున ఎవరూ లేనప్పుడు ఒకసారి గట్టిగా పిలిచి చూశాను. రేపు మళ్లీ పిలుస్తాను. ఫాల్గుణం దాకా రోజూ పిలుచుకుంటాను, వీరభద్రం.

ఇట్లు,
హైమవతి